హాస్టల్ వెనక చెట్టు బడి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం వాళ్లు నన్ను గిరిజన బాలికల చదువు మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద సంగతి. నాకిచ్చిన పావుగంటలో దాన్ని పైపైన తడిమి పోవడం కంటే, నాకు బాగా తెలిసిన ఆరు గుంటల జాగ గురించి చెబుతాను. అది ఏర్గట్లలో మా హాస్టల్ వెనక ఉంది. ఒక పెద్ద వేపచెట్టు, రెండు కానుగలు, మూలకు ఒక మోదుగ, మిగతాది బయలు.

నేను రాకముందు అక్కడ ఒక సారు వేపచెట్టు చుట్టూ గుండ్రంగా బండలు వేయించి, పిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారట. దానికి చెట్టు బడి అని పేరు. ఆకులు అతికించిన పాత నోటుపుస్తకాలు రెండు స్టోర్ రూములో నాకు దొరికాయి. ఆ సారు బదిలీ అయ్యారు. మోటారు కాలింది. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు, హాస్టళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేనాటికి వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది. పాములుంటాయని పిల్లలను అటు పోనిచ్చేవాళ్లు కాదు. నేను 2022లో వచ్చాను. బండలు ఎక్కడున్నాయో వెతికి తీయాల్సి వచ్చింది.

మాది ప్రీమెట్రిక్ హాస్టల్. పిల్లలు పగలు ఊళ్లోని హైస్కూలుకు పోతారు, సాయంత్రం మా దగ్గరికి వస్తారు. అంటే కాగితం మీద నేను పాఠం చెప్పే మనిషిని కాదు. అన్నం, నీళ్లు, ఆరోగ్యం, హాజరు చూసే మనిషిని. కానీ నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. ట్రైనింగ్‌లో మాకు పిల్లలు చేసి నేర్చుకోవాలి, చూసి నేర్చుకోవాలి అని చెప్పారు, రికార్డులు రాయించారు, చార్టులు గీయించారు. ఆ చార్టులన్నీ గది లోపలే గీశాం, అది వేరే సంగతి. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలని రాశారు. మంచిదే. పది రోజులు సంచి లేకుండా పిల్లలను ఎక్కడికి తీసుకుపోవాలన్నది అసలు ప్రశ్న. మాకు దానికి జవాబు గోడ అవతలే ఉంది.

ఇప్పుడు పసుపు గురించి చెప్పాలి. పసుపు గురించి మీకు చెప్పడమంటే చేపకు ఈత నేర్పినట్టే. ఆర్మూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి, ఏర్గట్ల, ఈ చుట్టుపక్కల పసుపు తెలియని ఇల్లు లేదు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు కూడా మొదలైంది. కానీ నేను పసుపును బడి పంటగా చూస్తాను. ఎందుకంటే జూన్‌లో బడి తెరిచిన రోజుల్లోనే పసుపు విత్తనం నాటుతారు. జనవరి నుంచి మార్చి లోపల తవ్వుతారు. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయి పిల్లలు ఇళ్లకు పోయేనాటికి మడి ఖాళీ. విద్యా సంవత్సరానికి ఇంత సరిగ్గా సరిపోయే పంట ఇంకొకటి నాకు కనబడలేదు.

దీనికింకో వైపు ఉంది. సంక్రాంతికి ఇంటికి పోయిన పిల్లలు కొందరు శివరాత్రి దాకా హాస్టల్‌కు తిరిగి రారు. ఎందుకు రారో మీకు నేను చెప్పక్కర్లేదు. తల్లీ తండ్రీ పసుపు తవ్వకానికి కూలికి పోతారు. ఇంట్లో చిన్నపిల్లలను చూడటానికి, అన్నం వండటానికి ఆడపిల్ల కావాలి. నెలన్నర పోయాక వచ్చిన పిల్ల లెక్కల్లో వెనకబడుతుంది, వెనకబడ్డందుకు సిగ్గుపడుతుంది, సిగ్గుపడ్డ పిల్ల పదో తరగతి దాకా నిలవదు. మా పిల్లల చదువును ఆపుతున్న పంటే మా మడిలో చదువు చెప్పాలని నేను పట్టుపట్టడానికి కారణం అదే.

మొదటి ఏడు చాలా చిన్నగా మొదలుపెట్టాం. నాలుగు మీటర్లు పొడవు, మూడు మీటర్లు వెడల్పు మడి. పిల్లలు టేపుతో కొలిచి, తాడు కట్టి, ముగ్గు పోసుకున్నారు. ఒక తల్లి ఇచ్చిన మూడు కిలోల ఎర్రగుంటూరు విత్తనం పెట్టాం. అంచుల మీద నాలుగైదు మొక్కజొన్న మొక్కలు. మొలక ఏ రోజు వచ్చింది, ఆకు ఎంత పొడవు పెరిగింది, వాన పడి నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి అన్నీ గోడకు తగిలించిన క్యాలెండర్ మీద రాశారు. సెప్టెంబర్‌లో పల్లపు మూలన ఆకులు పసుపు పచ్చబడి, దుంప కుళ్లు తగిలింది. ఒక పిల్ల తవ్వి చూసి, మెత్తబడ్డ దుంపను వాసన చూసి ముఖం చిట్లించింది. ఆ వాసన ఏ పుస్తకంలోనూ రాదు.

తవ్విన రోజు మట్టి దులిపి తూకం వేస్తే ఇరవై రెండు కిలోలు వచ్చింది. అక్కడ మొదలైంది అసలు లెక్కల తరగతి. మా మడి పన్నెండు చదరపు మీటర్లు. ఎకరమంటే నాలుగు వేల నలభై ఏడు చదరపు మీటర్లు. ఎకరంలో ఇలాంటి మడులు ఎన్ని? మూడు వందల ముప్పై ఏడు. అయితే ఎకరానికి పచ్చి పసుపు ఎంత? డెబ్బై నాలుగు క్వింటాళ్లు. అందులో అయిదు కిలోలు వంటామె పెద్ద గిన్నెలో ఉడికించింది, పిల్లలు దూరంగా నిలబడి నురగ ఎప్పుడు వస్తుంది, వాసన ఎప్పుడు మారుతుంది చూశారు. రెండు వారాలు ఎండబెట్టి మళ్లీ తూకం వేస్తే కిలో నూరు గ్రాములు మిగిలింది. ఆ లెక్కన ఎకరానికి ఎండు పసుపు పదహారు క్వింటాళ్లు. ఈ సంఖ్యను బోర్డు మీద రాసి, ఇంట్లో అడిగి రమ్మన్నాను. ఆదివారం ఇంటికి పోయి వచ్చిన ఒక పిల్ల, “మా బా తక్కువొచ్చింది అన్నడు మేడం, ఇరవై దాకా రావాలన్నడు,” అంది. ఎందుకు తక్కువొచ్చింది? పల్లపు మూల, నీళ్లు, కుళ్లు. పక్క ఏడు మడిని ఎత్తు చేసి, కాలువ తీసుకున్నారు. నిష్పత్తి, శాతం, వైశాల్యం, ఈ మూడు పాఠాల్లో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు ఆ రోజు ఒకరి మీద ఒకరు అరిచారు. తండ్రి కూలి ఎన్ని క్వింటాళ్లకు సమానమో లెక్క కట్టిన పిల్లలు కూడా ఉన్నారు. ఆ లెక్క నేను అడగలేదు.

సైన్సుకు కూడా పసుపే దొరికింది. పసుపు, సున్నం కలిస్తే ఎరుపు వస్తుందని మన ఇళ్లలో మూడేళ్ల పిల్లకు తెలుసు. పారాణి అలాగే చేస్తాం. అదే సంగతి పుస్తకంలో సూచిక, క్షారం అని వచ్చేసరికి పిల్లకు కొత్త భాష అయిపోతుంది. తెల్ల కాగితం మీద పసుపు ముద్ద రుద్ది ఆరబెట్టి, ముక్కలు కత్తిరించి ఇచ్చాం. సబ్బు నీళ్లు పోస్తే ఎరుపు. బట్టల సోడా ఎరుపు. నిమ్మరసం, చింతపులుసు, ఏ మార్పూ లేదు. పొయ్యి బూడిద నానబెట్టిన నీళ్లు పోయగానే ఎర్రబడింది. అప్పుడొక పిల్ల, “అందుకేనా మా దాదీ బూడిదతోని గిన్నెలు తోమేది?” అని అడిగింది. నూనె జిడ్డును క్షారం ఎలా వదిలిస్తుందో చెప్పడానికి నాకు అంతకంటే మంచి సందు దొరకదు.

ఇక్కడ మార్లవాయి గురించి ఒక మాట చెప్పాలి. చెట్టు కింద బడి అనగానే శాంతినికేతన్ పేరు చెబుతారు. 1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ మొదలుపెట్టిన బడి అది, గొప్పదే. కానీ మనకు గోదావరి దాటితే ఆదిలాబాద్ అడవిలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం సర్కారు ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. 1943లో అక్కడ గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. బయటి నుంచి టీచర్‌ను పంపడం కాదు, గూడెంలో పుట్టిన పిల్లవాడే గూడెం పిల్లలకు వాళ్ల మాటలో చెప్పాలి అన్నది అక్కడి ఆలోచన. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలో ఉన్నాయి. మన జాతుల చదువు గురించి మాట్లాడేటప్పుడు శాంతినికేతన్ కంటే ముందు మార్లవాయి గుర్తు రావాలని నా అభిప్రాయం.

మా హాస్టల్లో లంబాడా పిల్లలు ఎక్కువ, నాయకపోడు పిల్లలు కొందరు, గోదావరి అవతలి నుంచి వచ్చిన గోండు పిల్లలు ఇద్దరు ముగ్గురు. మూలనున్న మోదుగ చెట్టుకు ఒక పలక కట్టాం. దాని మీద మొదట మోదుగ అని తెలుగులో, బ్యూటియా మోనోస్పెర్మా అని శాస్త్రీయ నామం మాత్రమే రాశాం. ఒక పిల్ల అక్కడే నిలబడి కదలడం లేదు. ఏమైందంటే, “ఇది కేసులా మేడం,” అంది. ఏడో తరగతి పిల్ల. తెలుగు వాచకం చదవమంటే తలకాయ దించుకునే పిల్ల. కేసులా పూలతో హోలీకి రంగు ఎలా తీస్తారో, ఎంతసేపు నానబెడతారో, ఎండిన పువ్వుకు, పచ్చి పువ్వుకు రంగులో తేడా ఏమిటో ఆగకుండా చెప్పింది. పలక మీద ఆ పేరు కూడా చేరింది. తర్వాత ప్రతి చెట్టుకూ ఎన్ని పేర్లు దొరికితే అన్ని రాయడం మొదలైంది. ఇంటికి పోయినప్పుడు అడిగి రావడమే హోంవర్కు. చిక్కు అక్కడే వచ్చింది. కొన్ని చెట్ల పేర్లు అమ్మలకు కూడా తెలియవు. దాదీలకు తెలుసు. కొన్నింటికి దాదీలు కూడా “ఏదో ఉండె బిడ్డా” అని ఆగిపోయారు. ఆ పలకల మీద ఆ జాగ ఖాళీగా వదిలిపెట్టాం. ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పిల్లలు రోజూ ఆ ఖాళీ జాగ ముందు నుంచే బడికి పోతారు.

తీజ్ పండుగ నాకు ఇంకా పెద్ద పాఠం నేర్పింది. దుస్సేరు తీగతో బుట్ట అల్లి, పుట్టమన్ను, ఎరువు కలిపి, గోధుమలు చల్లి, పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. ఇది పండుగ. కానీ సైన్సు పుస్తకంలో విత్తనం మొలకెత్తడం అని ఉన్న పాఠం కూడా ఇదే కదా. రెండేళ్లుగా శ్రావణంలో మా పిల్లలు పండుగ బుట్టను ముట్టుకోకుండా, పక్కన వేరే నాలుగు డబ్బాల్లో గోధుమలు వేస్తున్నారు. ఒకటి ఎండలో, ఒకటి నీడలో, ఒకటి చీకటి గదిలో, ఒకటి నీళ్లు లేకుండా. చీకటిలోది అన్నింటికంటే పొడుగ్గా, పాలిపోయి పెరిగింది. ఎండలోది పొట్టిగా, పచ్చగా ఉంది. పుట్టమన్నే ఎందుకు, తోట మన్ను ఎందుకు వద్దు అని అడిగితే, పదేళ్ల పిల్ల చెప్పింది, “చెదలు నమిలిన మన్ను మేడం, రాయి ఉండది, మెత్తగుంటది.” పండుగను సైన్సు చేసి చిన్నబుచ్చుతున్నారని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. నేనట్లా అనుకోను. తన పండుగలో తెలివి ఉందని తెలిసిన పిల్ల దాన్ని వదలదు.

ఇప్పుడు అందరికంటే గట్టి ప్రశ్న అడిగిన మనిషి గురించి చెబుతాను. రెండో ఏడు మడి దగ్గర పిల్లలు పని చేస్తుంటే ఒక తండ్రి చూశాడు. బిడ్డను చూడటానికి వచ్చిన మనిషి. పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. “మేడం, నేను, మా ఇంటామె పొద్దు పొడవకముందే పసుపు తవ్వబోతం. నా బిడ్డకు ఆ గడ్డపార రావద్దనే గద మీ దగ్గర ఇడిసిపెట్టింది. మీరు గూడ మళ్ల గదే చేయిస్తున్నరా?”

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనితో చదువు అన్నప్పుడు కూడా ఇది పిల్లల చేత పని చేయించుకోవడం అవుతుందేమో అన్న అనుమానం అప్పటి వాళ్లకే వచ్చింది. పైగా పెద్ద కులాల పిల్లలు తోటపని చేస్తే దాన్ని ప్రకృతి విద్య అంటారు, మన పిల్లలు చేస్తే కూలికి అలవాటు చేయడం అవుతుంది. ఈ తేడాను మనం దాచిపెట్టకూడదు. ఆయనను కూర్చోబెట్టి, ఆయన బిడ్డ నోటుపుస్తకం తెప్పించాను. ఎకరం లెక్క, ఎండు పసుపు లెక్క, దుంప బొమ్మ, కుళ్లు ఎక్కడ మొదలైందో గీసిన గీత. ఆయనకు చదవడం రాదు. బిడ్డే చదివి వినిపించింది. పదహారు క్వింటాళ్ల దగ్గర ఆయన ఆపి, తడి ఎంత, ఎండ ఎన్ని రోజులు అని అడిగాడు. పిల్ల జవాబు చెప్పింది. ఆయన ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నాడో లేదో నేను అడగలేదు. పోయేటప్పుడు మాత్రం మడి కట్ట వంకర ఉందని చెప్పి పోయాడు.

ఆయన ప్రశ్న వల్ల మేము కొన్ని కట్టుబాట్లు రాసి గోడకు పెట్టుకున్నాం. నోటుపుస్తకం లేకుండా ఏ పిల్లా మడిలోకి దిగదు. శిక్షగా తోటపని ఉండదు, ఎప్పటికీ. కలుపు ఎక్కువైతే, గుంత తవ్వాల్సి వస్తే, కూలి ఇచ్చి మనిషిని పెడతాం. వయ్యారిభామను పిల్లలు ముట్టుకోరు, దానితో ఒంటికి దురదలు వస్తాయి. పండింది వంటగదికి పోయినా, దానికోసం కూరగాయల బిల్లు తగ్గించం. వారానికి మూడు పొద్దులు, ముప్పావుగంట మించదు, నెలసరి వచ్చిన పిల్లలు, ఒంట్లో బాగాలేని పిల్లలు బండ మీద కూర్చొని రాసుకుంటారు. ఇంత చిన్న సంగతులు సభలో ఎందుకంటే, చెట్టు బడి పేరు మీద రేపు ఎవరైనా మన పిల్లల చేత చాకిరీ చేయిస్తే మీరు అడగడానికి పనికొస్తాయి.

చెట్టు బడులు ఎందుకు చస్తాయో కూడా చెబుతాను. ప్రారంభోత్సవం రోజు మొక్క నాటి ఫోటో దిగుతారు. మే నెలలో నీళ్లు పోసే మనిషి ఉండడు. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా హాస్టల్ ఖాళీ, ఎండ నలభై దాటుతుంది. తోటకు శత్రువు పాము కాదు, వేసవి సెలవులు. అందుకే పూల కుండీల జోలికి మేము పోలేదు. పసుపు మడికి వేసవిలో నీళ్లు అక్కర్లేదు. చెట్లలో సీతాఫలం, ఉసిరి, తంగేడు, జమ్మి లాంటివి గ్రామ పంచాయతీ నర్సరీ నుంచి, ఊరి గట్ల నుంచి తెచ్చాం. మొదటి రెండు వేసవులు వాచ్‌మన్ వారానికి రెండు బిందెల చొప్పున పోశాడు, తర్వాత అవే నిలబడ్డాయి. కంచాలు కడిగిన నీళ్లు పోయే దారిలో అరటి, చేమ వేశాం. సెలవుల్లో కంచాలుండవు కాబట్టి అరటి ఎండిపోయింది. జూన్‌లో మళ్లీ పిలకలు వేసింది. ఆ ఎండిపోవడం, మొలవడం కూడా క్యాలెండర్‌లో ఎక్కింది.

డబ్బు పెద్దగా కాలేదు. టేపు, కాటా, నాలుగు బిందెలు, తాడు, నోటుపుస్తకాలు, పలకలకు రంగు. కాటా మాత్రం మంచిది కొనాలి. తప్పు తూకంతో నేర్చుకున్న లెక్క వృథా.

సంక్రాంతి తర్వాత రాని పిల్లల సంగతి ఏమైందని అడుగుతారు. తవ్వకం తేదీ ముందే చెప్పి పంపితే, మా మడి మేమే తవ్వాలని పట్టుబట్టి వచ్చిన పిల్లలున్నారు. రాని పిల్లలూ ఉన్నారు. తల్లి కూలికి పోతే చంటిపిల్లను ఎవరు చూస్తారన్నదానికి మడి జవాబు చెప్పదు. ఆ రెండు నెలలు తండాల్లో, పసుపు చేల దగ్గర చిన్నపిల్లలను చూసే ఏర్పాటు ఏదైనా ఉంటే తప్ప ఆ పిల్లలు రారు. ఈ సంఘం అడగాల్సిన వాటిలో అది మొదటిదని నేననుకుంటాను. అధికారులు ఇక్కడే ఉన్నారు, వాళ్లూ వింటున్నారు.

మిమ్మల్ని నేను అడిగేది రెండే. మొదటిది, రెండో శనివారం ఎవరైనా ఒక దాదీ, ఒక తాత మా హాస్టల్‌కు వచ్చి ఒక గంట కూర్చోండి. బస్సు చార్జీ, మధ్యాహ్నం అన్నం మావి. పలకల మీద ఖాళీ జాగలున్నాయి, పేర్లు మీకే తెలుసు. రెండోది, పాత జొన్న, పాత అనుములు, గడ్డి చిక్కుడు, మీ ఇంట్లో కుండలో దాచిన విత్తనం ఏదున్నా ఒక దోసెడు పంపండి. కాగితంలో కట్టి, ఏ తండాదో, ఎన్నేళ్ల నుంచి వస్తోందో రాసి పంపితే చాలు. రాయడం రాకపోతే పిల్లతో చెప్పి పంపండి, తనే రాసుకుంటుంది. జూన్ పన్నెండున బడి తెరుస్తారు. ఆ వారంలోనే మడి కట్టాలి, ఈసారి కట్ట వంకర లేకుండా.